మూడో బెర్తు

కత్తిరింపు బల్ల నిండా పరిచిన చారల గుడ్డ మీద కోడలు సుద్దముక్కతో రైలు దారి గీస్తోంది. పరుపులాయన ఎదురుగా పీట మీద కూర్చుని దబ్బనానికి దారం ఎక్కిస్తున్నాడు. చూడనట్టే కూర్చున్నాడు గానీ చూస్తూనే ఉన్నాడు.

“ఇది మనం అత్తయ్యా,” అంది కోడలు, గుడ్డకి ఓ మూల ఇంటూ గుర్తు పెట్టి. “ఇక్కడ ఎక్కుతాం. ఇదిగో, ఇంతదూరం పోయాక మొదటి సరిహద్దు.” అక్కడ ఇంకో ఇంటూ పెట్టింది.

“దిగాలా?” అంది పరుపులాయన భార్య. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. లోకంలో ఉన్న దారులన్నిటినీ దిగాలా, ఎక్కాలా అన్న రెండు మాటలతోనే కొలుస్తుంది.

“దిగక్కర్లేదు. అవతలి దేశంలో పట్టాల వెడల్పు వేరంట. అందుకని పెట్టెని జాకీలతో పైకి లేపి కింద చక్రాలు మారుస్తారు. మనం లోపలే కూర్చోవచ్చు.”

“మనం లోపల ఉండగానే లేపుతారా?”

“ఉండగానే. టీ తాగుతూ కూర్చోవచ్చంట.”

పరుపులాయన చేతిలో దారం ఆగింది. మనుషులతో, సామానుతో, టీ గ్లాసులతో సహా పెట్టెని పెట్టెగా పైకెత్తి, కింద చక్రాలు తీసి వేరే చక్రాలు పెట్టడం. ఆ పని చేసేవాళ్లు ఎలా చేస్తారో, ముందు ఏ మూల లేపుతారో, బోల్టులు ఎంత లావు ఉంటాయో! అడగాలనిపించింది. అడగలేదు. దారం కొసని నాలుకతో తడిపి మళ్లీ దబ్బనంలోకి దూర్చాడు.

ప్రయాణం పరుపులాయన భార్య అక్కగారి దగ్గరికి. ఆవిడ ఉన్నది రెండు సరిహద్దుల అవతల. కళ్లకి ఆపరేషన్ అయింది. కట్లు విప్పిన మర్నాడే ఫోన్ చేసి చెల్లెలితో అంది: “నాకు చూపొచ్చిందే. అందరి మొహాలూ చూస్తున్నా, నీది తప్ప. వచ్చి చూపించి పో.” ఆ మాటకి ఇవతల చెల్లెలు గంటసేపు ఏడ్చి, తర్వాత విమానం వద్దంది. కాళ్ల కింద నేల లేని బండి తను ఎక్కదట. అంచేత రైలు. అంచేత ఈ గుడ్డ, ఈ సుద్దముక్క.

“ఇక్కడ మాత్రం దిగాలి అత్తయ్యా,” అంటూ కోడలు గుడ్డ మధ్యలో మరో ఇంటూ పెట్టింది. “ఇది రేవు పట్నం. మన రైలు ఇక్కడితో ఆఖరు. దిగి, పై వంతెన దాటి, అవతల రెండో రైలు పట్టుకోవాలి. కాస్త గబగబా నడవాలి.”

“గబగబానా? నేనా?”

కొడుకు అప్పుడే లోపలికొచ్చాడు. పరుపులు దించొచ్చిన బండి తాళం గోడకి తగిలించి, గుడ్డ కేసి తల వంచి చూశాడు. “మా ఆవిడ రైలెక్కకుండానే మూడు దేశాలు తిరిగొచ్చేసింది. ఏమోయ్, దార్లో ఎక్కడా ఆపకు మమ్మల్ని. గబగబా పోయి గబగబా వచ్చెయ్యాలి. నేను సంచులు మోసుకుంటూ ఊళ్లూ గట్రా చూడను.”

“ఆపలేదండి. అందుకే ఈ రైలు చూశా,” అంది కోడలు. ఆఖరి ఇంటూ గుడ్డ అవతలి మూల పెట్టింది. “ఇది పెద్దమ్మగారి ఊరు.”

ఎవరెవరు వెళ్లాలన్నది మాట వచ్చిన రోజే తేలిపోయింది. ముసలాళ్లిద్దరికీ మగతోడు కావాలి, కాబట్టి కొడుకు. పాస్‌పోర్టు నలుగురికీ ఉన్నా షాపు మూయడానికి లేదు, కాబట్టి కోడలు ఇక్కడ. దీపం ఎవరు ఆర్పాలో తేల్చుకున్నంత సులువుగా తేల్చేశారు. అప్పుడు పరుపులాయన కూడా తలూపాడు. ఊపిన తల అప్పట్నుంచి కుదురుగా లేదు.

ఎందుకంటే కోడలు దిండ్ల మూతులు కుడుతూ ఏదో గొణుక్కోవడం అతను విన్నాడు. మొదట పాట అనుకున్నాడు. పాట కాదు. ఆ దేశాల మాటలు. ఫోన్ తీగ చెవిలో పెట్టుకుని, పాఠంలో వాళ్లు చెప్పింది మళ్లీ చెబుతోంది. ఒకసారి తెలుగులో చెప్పుకుని, ఆపైన ఆ భాషలో. “మా అత్తయ్యకి కింది బెర్తు కావాలి.” “వేడినీళ్లు ఎక్కడ దొరుకుతాయి?” “మేము ఈ ఊరివాళ్లం కాదు.” సూది పోతూ ఉంది, మాట పోతూ ఉంది. తర్వాత అవి మొగుడికి నేర్పబోతే అతను రెండో మాట దగ్గరే ఆవలించాడు.

“చీటీ మీద రాసివ్వు, చూపిస్తా,” అన్నాడు.

వెళ్లని మనిషి నోటికి ఆ మాటలు పట్టుబడ్డాయి. వెళ్లే మనిషికి ఆవలింత వచ్చింది. పరుపులాయనకి ఇది కుట్టు వంకరపోయిన పరుపులా కనిపించింది. పైన పడుకునేవాడికి తెలియదు. కుట్టినవాడికి తెలుస్తుంది.

*

మర్నాడు అందరికన్నా ముందు లేచి పరుపులాయన షాపు గదిలోకి వచ్చాడు. హాస్టల్‌కి ఇవ్వాల్సిన పరుపుల్లో ఒకటి మిగిలింది. ఏకిన దూది మూలన కుప్పగా సిద్ధంగా ఉంది. బల్ల మీద గుడ్డ పరిచే ఉంది. దాని మీద ఇంటూ గుర్తులు ఉన్నాయి.

వాళ్ల షాపులో ఇంటూ గుర్తుకి ఒకటే అర్థం. అక్కడ గుండీ పడాలి. పరుపు లోపల దూది జరగకుండా దబ్బనంతో పైనుంచి కిందకి దారం లాగి గుండీ బిగించే చోటు అది. కోడలు గుర్తులు పెడుతుంది, మామ కుడతాడు. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచీ అదే పద్ధతి.

పరుపులాయన గుడ్డ చుట్టూ ఓసారి తిరిగాడు. గుర్తులు వరసలో లేవు. ఈ మూల మొదలై వంకరటింకరగా పోయి ఆ మూల తేలాయి. మధ్యలో వాటిని కలుపుతూ ఒక గీత. అతనికి కొంచెం ఆశ్చర్యమేసింది. ఇంటూ కనబడితే గుండీ తప్ప ఇంకేదీ తట్టదతనికి, నిన్నటి రైలు కూడా తట్టలేదు. హాస్టల్ వాళ్లు ఇలా అడిగారేమో అనుకున్నాడు. ఈ కాలపు పిల్లలు తిన్నగా ఉన్నదేదీ ఇష్టపడరు. కోడల్ని లేపి అడగొచ్చు. కానీ అడగడం కన్నా కుట్టడం అతనికి తేలిక.

కుట్టాడు. మూడు పక్కలూ మూసి, దూది నింపి, నాలుగో పక్క మూసి, బెత్తంతో నాలుగు బాది దూదిని సర్దాడు. గుర్తు పెట్టిన ప్రతి చోటా దబ్బనం దించి గుండీ బిగించాడు. తర్వాత దుమ్ము దులిపితే సుద్ద గీతంతా పొడి అయి ఎగిరిపోయింది. గుండీలు మాత్రం నిలిచాయి. పని బాగానే కుదిరిందనుకున్నాడు. కొడుకు లేచి, టీ తాగి, మిగతా పరుపులతో పాటు దాన్నీ బండిలో వేసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం భోజనాలవుతుండగా హాస్టల్ నుంచి ఫోన్ వచ్చింది. కొడుకు ఎడమచేత్తో ఎత్తాడు.

“ఆ సార్... గుండీలా? వంకరగా ఉన్నాయా? ఎన్నిటికి? ఒకదానికేనా?” తండ్రి కేసి చూశాడు. తండ్రి కంచంలోకి చూశాడు. “అది కొత్త మోడల్ సార్. నడుంనొప్పి ఉన్నవాళ్లకి. మీరు వాడి చూడండి, తర్వాత మీరే అడుగుతారు.”

ఫోన్ పెట్టి, “ఏంటి నాన్నా? గుండీలు వాగులా పారుతున్నాయంటున్నాడు,” అన్నాడు.

“గుర్తులు పెట్టి ఉన్నాయిగా,” అన్నాడు పరుపులాయన.

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. లేచి షాపు గదిలోకి వెళ్లింది. ఖాళీ బల్ల చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. “మామయ్యా... అది మన రైలు దారి.”

పరుపులాయన భార్యకి నవ్వు మొదలైంది. ఆవిడ నవ్వితే మనిషంతా నవ్వుతుంది, పీటతో సహా. “నీ పని బంగారం గానూ! మూడు దేశాల్నీ కలిపి కుట్టేసి ఎవడి నడుం కిందో పెట్టొచ్చావా? ఏ కుర్రాడో పడుకుంటాడు పాపం, కలలో వాడికి సరిహద్దులే సరిహద్దులు!”

“నేను వెళ్లి పట్టుకొస్తా,” అని పరుపులాయన లేవబోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“ఏం చెప్పి పట్టుకొస్తావు నాన్నా? మా రైలు మీ మంచం మీద ఉండిపోయిందనా?” అన్నాడు కొడుకు.

“కూర్చోండి మామయ్యా, ఎందుకూ,” అంది కోడలు. ఆమెకీ నవ్వు ఆగడం లేదు. “మళ్లీ గీస్తా. ఎంతసేపు!”

అన్నట్టే గీసింది. ఈసారి పాత దుప్పటి మీద. ఫోన్ చూడలేదు, ఎవర్నీ అడగలేదు. అత్తగారు పొయ్యి మీద పెట్టిన టీ పొంగేలోపు ఇటు మూల నుంచి అటు మూలకి దారి వచ్చేసింది. రెండోసారి కాబట్టి ఇంకా వివరంగా చెప్పింది. “రేవు పట్నంలో దిగగానే ఎడమకి తిరగాలి. కుడివైపు మెట్లుంటాయి, అటు వద్దు, మీకు కష్టం. ఎడమ పక్క లిఫ్టు. అది చెడిపోయి ఉంటే ఇంకొంచెం ముందుకి పోతే వాలుదారి ఉంటుంది, సామాన్ల బళ్లు పోయేది. దాని పక్కనే ఆకుపచ్చ రంగు బెంచీ. మీరు దాని మీద కూర్చుని ఓసారి కాళ్లు చాపుకోవచ్చు.”

“అన్నీ చూసొచ్చినట్టు చెబుతున్నావే?” అంది అత్తగారు.

“ఫొటోల్లో చూశానత్తయ్యా.” కోడలు వేళ్లకంటిన సుద్ద పొడిని కొంగుకి తుడుచుకుంది. ఒక వేలు అయ్యాక ఇంకో వేలు. “బెర్తులు కూడా చూసుంచా. కింద రెండూ మీకూ మామయ్యకీ. పైది ఈయనకి. పైదానికి చిన్న కిటికీ ఉంటుందంట, పడుకుని బయటికి చూడొచ్చు.”

“పడుకుంటే నాకు కిటికీ ఎందుకు, నిద్రపోతా గానీ,” అన్నాడు కొడుకు.

అత్తగారు టీ వడపోస్తూ ఏమీ అనలేదు. పరుపులాయన కూడా ఏమీ అనలేదు. కానీ అతను అనకపోవడం మామూలే. ఆవిడ అనకపోవడం మామూలు కాదు. ఆ సంగతి అతను అప్పుడు పట్టించుకోలేదు. అతని ధ్యాసంతా ఆ పై బెర్తు కిటికీ మీద ఉంది.

*

పెద్ద పరుపుకి గుండీలు బిగించాలంటే ఇద్దరుండాలి. పరుపుని రెండు బల్లల మధ్య నిలబెడతారు. ఇవతలివాడు దబ్బనం గుచ్చుతాడు. అవతలివాడు అందుకుని, దారం లాగి, వేలెడు పక్కకి జరిపి తిరిగి గుచ్చుతాడు. ఒకరి మొహం ఒకరికి కనబడదు. దబ్బనం మొన ఒక్కటే కనబడుతుంది. మొహం కనబడదు కాబట్టి పరుపులాయనకి ఆ పనిలో నోరు కాస్త పెగులుతుంది.

“రేవు పట్నంలో దిగాక ఎటు?” అన్నాడు దబ్బనం గుచ్చుతూ.

అవతల్నుంచి కొడుకు గొంతు వచ్చింది. “ఏంటి నాన్నా?”

“దిగాక. ఎటు పోవాలి?”

“వంతెన ఉంటుందిగా. ఎక్కడమే.”

“మీ అమ్మ మెట్లెక్కుతుందా?”

“అవునుగదూ. ఇంకేదో ఉందంది... లిఫ్టు. కుడివైపు.”

దబ్బనం తిరిగి వచ్చింది. పరుపులాయన దారం బిగించి ముడేశాడు.

“అక్కడికెళ్లాక దానికి ఫోన్ చేస్తా నాన్నా. అదే చెబుతుంది.”

“అక్కడ మన ఫోన్ పనిచేస్తుందా?”

“అది కూడా దాన్నే అడగాలి,” అన్నాడు కొడుకు. తన మాటకి తనే నవ్వాడు. మంచివాడు. ఎవర్నీ నొప్పించి ఎరగడు. ఎత్తమన్న బరువు ఎత్తుతాడు, దించమన్న చోట దించుతాడు. పెళ్లాం చేసే పనిలో సగం కళ్లకి కనబడదంతే. తండ్రికి మాత్రం ఏం కనబడింది ఇన్నాళ్లూ? పక్కింటివాడు గోడ కడితే ఇటుకలు లెక్కపెట్టే మనుషులకి, తమ ఇంట్లో జరిగేది చూడాలంటే గోడకి కన్నం కావాలి.

వాడిని మానిపించలేడు. వాడి తల్లికి మగతోడు లేకుండా గుమ్మం దాటడం పడదు, ఆవిడ మాట మీద మాట వేసి ఎన్నడూ నెగ్గింది లేదు. ఇక మిగిలింది ఒకటే. తను మానేయాలి. దూది ఏకడానికీ పరుపు కుట్టడానికీ తను షాపులో ఉంటే కోడలు ఖాళీ అవుతుంది. మొగుడూ పెళ్లామూ కలిసి ఆవిడని తీసుకుపోతారు. లెక్క సరిపోతుంది.

సరిపోయింది గానీ చక్రాలు అడ్డం వచ్చాయి. గాలిలోకి లేచిన రైలు పెట్టె. కింద చక్రాలు మార్చే మనుషులు. పని చేసేవాళ్ల చేతులు చూడ్డం కన్నా అతనికి పెద్ద సరదా ఏదీ లేదు. తను కిటికీలోంచి తల వంచి చూస్తున్నట్టు రెండు మూడు రోజులుగా అనుకుంటూనే ఉన్నాడు. పోనీలే, అనుకున్నాడు. ఎవరో ఒకరు చూస్తారు. వచ్చి చెబుతారు. కోడలైతే బోల్టుల దగ్గర్నుంచీ చెబుతుంది.

“నాన్నా, దబ్బనం!” అన్నాడు కొడుకు అవతల్నుంచి. “నిద్రపోయావా?”

“వస్తోంది,” అన్నాడు పరుపులాయన.

*

దూరదేశాల టికెట్లకి స్టేషన్లో వేరే గది ఉంది. ఒకటే కిటికీ, వెనక కళ్లద్దాల ఆవిడ, ముందు గోడవారగా కుర్చీలు. నలుగురూ వెళ్లారు. కొడుకు కొత్త చొక్కా వేసుకున్నాడు. అది ప్రయాణానికి కుట్టించుకున్నది గానీ టికెట్టు కొనడం కూడా ప్రయాణంలో భాగమే అన్నాడు. అత్తగారు చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మాట్లాడేది కోడలు కాబట్టి కోడలు కిటికీ దగ్గర నిలబడింది.

రైలు పేరు, రోజు, మారే ఊరు, రెండో రైలు. ఆమె చెబుతుంటే కళ్లద్దాల ఆవిడ టకటకా కొడుతోంది. మధ్యలో ఓసారి తలెత్తి, “ఇంతకుముందు ఈ దారిన వెళ్లారా?” అంది.

“లేదండి.”

“బాగా తెలుసే మీకు.”

కోడలు నవ్వి ఊరుకుంది.

“సరే, ముగ్గురు. పాస్‌పోర్టులు ఇవ్వండి.”

కోడలు అత్తగారి వైపు తిరిగింది. అత్తగారు సంచి జిప్పు మీద చెయ్యేసింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని పరుపులాయనకి తెలిసింది. లేచి నిలబడ్డాడు.

“నా బదులు అమ్మాయి వెళ్తుంది,” అన్నాడు. గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. కళ్లద్దాల ఆవిడ కూడా అదిరిపడింది. “నేను రాను. షాపు నేను చూస్తా.”

ముగ్గురూ అతని వైపు చూశారు. కోడలి నోరు కొంచెం తెరుచుకుంది. కొడుకు, “ఒంట్లో బాగాలేదా నాన్నా?” అన్నాడు.

అత్తగారు మెల్లగా లేచి, ఒక చెయ్యి మోకాలి మీద ఆన్చి నడిచి, కిటికీ దగ్గరకి వచ్చింది. “ఆయన మాట పట్టించుకోకండి,” అంది కళ్లద్దాల ఆవిడతో.

పరుపులాయన మళ్లీ కూర్చున్నాడు. అయిపోయింది అనుకున్నాడు. కనీసం అన్నాడు కదా.

అత్తగారు సంచిలోంచి ఒక పాస్‌పోర్టు తీసి పెట్టింది. “ఇది నాది.” ఇంకోటి తీసింది. “ఇది ఆయనది. నువ్వు రాకపోతే అంత దూరం ఎవరితో పోట్లాడుతూ పోనయ్యా నేను?” మూడోది తీసి, తెరిచి, ఫొటో సరిచూసుకుని, మిగతా రెంటి పక్కన పెట్టింది. “ఇది మా కోడలిది.”

సంచి జిప్పు వేసేసింది.

“అమ్మా, మరి నాది?” అన్నాడు కొడుకు.

“బీరువాలో ఉంది.”

“మర్చిపోయావా?”

“మర్చిపోలేదు.”

అత్తగారు కొడుకు చొక్కా కాలరు సరిచేసింది. “నువ్వొస్తే నాకు మగతోడు ఉంటుందిరా, కాదనను. దారి తెలిసిన తోడు ఉండదు. నేను పోవాల్సింది మా అక్కింటికి. నీతో వస్తే ఎవరి అక్కింటికి పోతానో!”

“దానికి నేనేం...” అని కొడుకు ఆగి, తల గోక్కుని, నవ్వబోయి పూర్తిగా నవ్వలేకపోయాడు. “కొత్త చొక్కా కుట్టించుకున్నానే.”

“షాపులో వేసుకో. బేరాలు పెరుగుతాయి.”

“షాపు ఎలా అత్తయ్యా?” అంది కోడలు. రెండు చేతులతో కిటికీ అంచు పట్టుకుని ఉంది.

“వాడు చూస్తాడు. వాడు పుట్టి పెరిగింది ఆ షాపులోనే. అందులో ఐతే దారి తప్పడు.” తర్వాత మొగుడి వైపు తిరిగింది. “మొన్న ఇది లిఫ్టు గురించి చెప్పినప్పుడే దీన్నే తీసుకుపోవాలనుకున్నా. నువ్వేమన్నా అంటావేమో అని రెండ్రోజులు చూశా. అన్నావు, సంతోషం. అనేదేదో కాస్త ఇంట్లో అంటే ఈవిడ అంత ఉలిక్కిపడేది కాదు.”

కళ్లద్దాల ఆవిడ మూడో పాస్‌పోర్టు దగ్గరకి లాక్కుంది. పేరు కొట్టింది, పుట్టినరోజు కొట్టింది. “పై బెర్తు మీదేనా?”

“నాదేనండి,” అంది కోడలు. ఆ ఒక్క మాటా అన్నాక ఊపిరి తీసుకుంది. కొడుకు ఆమె పక్కకి వచ్చి, గోడవారనున్న కుర్చీ ఒకటి జరిపి, కూర్చోమన్నట్టు కాలితో తట్టాడు. ఆమె కూర్చోలేదు. తెర మీద కదులుతున్న అక్షరాల్లోకి చూస్తోంది.

“రెండో రైలు పొద్దుటిదే కదా, వెంటనే ఉన్నది?” అంది కళ్లద్దాల ఆవిడ.

“ఆఁ, పొద్దుటి...” కోడలు ఆగింది. అత్తగారి వైపు చూసింది, మామగారి వైపు చూసింది. “ఒక్క నిమిషం అండి. అదే ఊరి నుంచి సాయంత్రం ఇంకో రైలుంది. అది చూస్తారా?”

“సాయంత్రందా? ఎందుకే?” అంది అత్తగారు.

“ఆ ఊళ్లో సముద్రం ఉందత్తయ్యా. స్టేషన్ బయటికొస్తే చాలు, ఎదురుగానే. నడవక్కర్లేదు, మెట్లు లేవు. ఒడ్డున బెంచీలున్నాయి.” గబగబా చెప్పేసి, తనే సిగ్గుపడి తల దించుకుంది. “అంటే... మీకు ఇష్టమైతేనే.”

కొడుకు ఆమె కేసి చాలాసేపు చూశాడు. “సముద్రం ఉందా అక్కడ? నాకు చెప్పలేదే?”

“మీరు ఎక్కడా ఆపొద్దన్నారుగా,” అంది కోడలు. మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పిందంతే. అతను తల ఊపాడు. ఏమీ అనలేదు. ఆ క్షణాన అచ్చం తండ్రిలా ఉన్నాడు.

కళ్లద్దాల ఆవిడ మీటల మీద చేతులు ఆపి అడిగింది. “సాయంత్రం రైలుకి చోటు ఉంది. కానీ పొద్దుట్నుంచీ అక్కడే ఉండాలి మరి. ఉంటారా?”

“ఉంటాం,” అన్నాడు పరుపులాయన.